గోడల్లేని దర్వాజ

ఆలేరు పాత వాడల్లో ఏ ఇంటి ముందు నిలబడి ఈ దర్వాజ ఎవరు చేశారని అడిగినా, సగం మంది వడ్రంగి పని చేసే వడ్ల వీరేశం పేరే చెబుతారు. చెబుతూ ఒకసారి నవ్వుతారు కూడా. ఆ నవ్వు దర్వాజను చూసి కాదు, మనిషి గుర్తొచ్చి. ఆయన పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆయనతో వేగడమే కష్టం. కూర్చోమంటే నిలబడతాడు. చాయ్ తాగుతావా అంటే ఇప్పుడే తాగొచ్చినానంటాడు, తాగకపోయినా. ఎవరినీ ఏదీ అడగకుండా బతకడమే మగతనమని ఆయన లెక్క. కూతురు కరుణను రామన్నపేటకు ఇచ్చాక మొదటిసారి చూడబోయి, ఇల్లు ఎక్కడని ఒక్కరినీ అడగక ఊరంతా చుట్టాడు. పొద్దు వంగే వేళకు ఆ పిల్లే బజారులో ఎదురుపడి తండ్రిని ఇంటికి తోలుకుపోయింది. ఊరు చూద్దామని తిరిగానని చెప్పాడట.

అడగని మనిషి చెప్పడంలో మాత్రం తక్కువ తినలేదు. ఇల్లు కట్టుకునేవాళ్లకు వీరేశం చెప్పే మాట ఒకటుంది: "ఎత్తిన దర్వాజ దించొద్దు." మా వైపు ఇంటి పనిలో ముందు నిలబడేది దర్వాజ, తలుపులింకా బిగించని ఉత్త చట్రం. మంచి గడియ చూసి, పసుపు రాసి బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, పైకమ్మికి నవధాన్యాల మూట కట్టి నిలబెడతారు. గోడలు తరవాత దాని పక్కన వచ్చి చేరతాయి. అలా ఒకసారి నిలిచిన దర్వాజను నేల మీద పండబెడితే ఆ ఇంటికి అరిష్టమని వీరేశం గట్టి నమ్మకం. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు పంపకాల్లో తగువు పడి, ఎత్తిన దర్వాజను పీకబోతే, ఈయన పోయి కింది కమ్మి అయిన కడప మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లేవలేదు. విసుగెత్తి వాళ్లే రాజీ పడ్డారు. ఆ సంగతి ఇప్పటికీ తనే గెలిచినట్టు చెప్పుకుంటాడు.

ఊరందరికీ దర్వాజలు పెట్టినవాడికి సొంతానికి ఉన్నది ఒకటే అర్ర. ముందు పంచలో పని, వెనక అర్రలో పడక, దాని వెనక వంట. చేత్తో రంద పట్టి చెక్కను చిత్రిక పట్టిన రోజుల్లో చింత లేకపోయింది. పొట్టు చుట్టలు చుట్టలుగా కింద పడేది, భార్య శ్యామలమ్మ దాన్ని ఊడ్చి పొయ్యిలో పెట్టి నీళ్లు కాచేది. కరెంటు మిషన్ వచ్చాకే పొట్టు పిండయింది. అది కింద పడదు. గాల్లోనే ఉంటుంది, అన్నం మీద వాలుతుంది, దిండు కింద దూరుతుంది. తలుపులకు గరుకు కాగితం రుద్ది నున్న చేసే పని పెళ్లయిన నాటి నుంచీ శ్యామలమ్మదే. ఏళ్లు గడిచేకొద్దీ దగ్గు వచ్చింది. దగ్గు పోయి దమ్ము పట్టుకుంది, ఊపిరాడని ఆయాసం. చలికాలం వస్తే కూర్చుని నిద్రపోవడం అలవాటు చేసుకుంది. ఒక్కనాడూ ఆ పొట్టును తిట్టలేదు, పొట్టు రేపిన మనిషినీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చివరికి భువనగిరిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మందులు ఎన్నైనా ఇస్తాను గానీ, ఈమె పడుకునే చోటికి కట్టెపొట్టు రాకూడదు, లేకపోతే ఇక ప్రతి చలికాలమూ గండమే అంది. ఇంటికొచ్చే దారిలోనే వీరేశం తీర్మానించుకున్నాడు. ఇంటి పక్క ఖాళీ జాగాలో విడిగా ఒక గది వేయాలి. రోడ్డు వైపు ముఖం, వేపకట్టె దర్వాజ. కొలతలు కూడా బస్సులోనే అయిపోయాయి. పక్కన కూర్చున్న శ్యామలమ్మకు ఇల్లు చేరాక తెలిసింది.

ఆలేరు మున్సిపాలిటీ అయి కొన్నేళ్లే అవుతోంది. గ్రామపంచాయతీ కాలంలో వీరేశం ఎరిగిన ఇళ్లన్నీ నోటి మాట మీద లేచినవే. కరుణ వచ్చినప్పుడు సంగతి తెలిసి కాలు నిలవలేదు ఆ పిల్లకు.

"నాయినా, ఇప్పుడు మనది మున్సిపాలిటీ. పర్మిషన్ లేకుంట గోడ లేపితే వచ్చి ఆపుతరు. ముందుగాల్నే అడుగుదం."

"అడుగుడేంది? జాగా నాది, కట్టె నాది, చెయ్యి నాది. నడుమ వాళ్లెవరు?"

కరుణ తండ్రిని ఎరిగిన బిడ్డ. "సరే, అడగొద్దు. చెప్దం. ఇగో మేం గిట్ల కట్టుకుంటున్నం అని వాళ్ల చెవిల ఏసినట్టు."

చెప్పడానికైతే వీరేశానికి అడ్డం లేదు. కరుణ ఎరిగిన ఇంజినీరుకు ఫోన్ కలిపింది. గది ఎంత పొడుగు, దర్వాజ ఎటు, కిటికీ ఎటు అని ఆయన అటు నుంచి అడుగుతుంటే, ఈయన ఇటు నుంచి ఠకఠకా చెప్పేశాడు. కిటికీ అన్న మాట వినపడి, చిక్కుడుకాయలు తుంచుతున్న శ్యామలమ్మ తలెత్తింది. "వెనుక దిక్కు పెట్టు," అని వీరేశం ఫోన్లో అన్నాక మళ్లీ కాయల మీదికి వంగింది. ప్లాను గీశారు, దరఖాస్తు పెట్టారు. ఆఫీసు వాళ్లు వచ్చి జాగా చూసిపోతారని, అప్పటిదాకా ఆగమని చెప్పి కరుణ రామన్నపేట బస్సెక్కింది.

ఆగడం వీరేశానికి రాని పని. పైగా అయ్యగారు పంచాంగం చూసి, ఈ గురువారం దాటితే మూఢం తగులుతుంది, చాలా రోజులు మంచి గడియ లేదన్నాడు. అంతే, గురువారం పొద్దున్నే ఇంటి పక్క జాగాలో, సరిగ్గా రోడ్డు అంచున, వేప దర్వాజ లేచింది. ఇంటి యజమాని వడ్లాయనకు బట్టలు పెట్టాలి కదా. యజమానీ తనే, వడ్లాయనా తనే అయ్యేసరికి శ్యామలమ్మే ధోతీ తువ్వాలూ తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టింది. పక్కింట్లో వెల్డింగు దుకాణం నడిపే జాఫర్ గోడ మీద మోచేతులు ఆనించి ఇదంతా చూశాడు. ఇనుప దర్వాజలు చేసే జాఫర్‌కూ, కట్టె దర్వాజలు చేసే వీరేశానికీ ఎన్నేళ్ల నుంచో పరాచికాలు నడుస్తున్నాయి.

"కూలి కూడా నీకు నువ్వే ఇచ్చుకో భాయ్. జర మంచిగ ఇయ్యి, బేరం చేయకు," అన్నాడు జాఫర్.

తరవాతి వారం ప్రవీణ్ వచ్చాడు. మున్సిపల్ ఆఫీసులో ఇళ్ల పర్మిషన్లు చూసే కుర్రాడు. చేతిలో టేపు. చుట్టూ గోడ అన్నది లేకుండా, పసుపు బొట్లతో ఒంటరిగా నిలబడ్డ దర్వాజను చూసి ముందు నుంచి వెనక దాకా ఒకసారి తిరిగొచ్చాడు.

"పని మొదలుపెట్టిన్రా, పెద్దమనిషీ?"

"లేదు సారూ."

"మరి ఇదేంది?"

"దర్వాజ."

"అంటే కట్టుడు షురూ అయినట్టే కదా?"

"దర్వాజ ఎత్తుడు పని కాదు సారూ. అది ముహూర్తం. పని వేరు, ముహూర్తం వేరు."

ప్రవీణ్ నవ్వు ఆపుకుని టేపు పరిచాడు. అటూ ఇటూ కొలిచాడు. రోడ్డు వైపు నాలుగడుగులు ఖాళీగా వదలాలి, మీ ప్లానులో వదల్లేదు, ఈ దర్వాజ సరిగ్గా ఆ నాలుగడుగుల్లోనే ఉందని చెప్పాడు.

"నా జాగల నాలుగడుగులు గాలికి ఇడిసిపెట్టాల్నా?" అన్నాడు వీరేశం.

"ఆ, గాలికే," అన్నాడు ప్రవీణ్, ఎగతాళి లేకుండానే. "గాలికి, ఎలుతురుకు. అందరు రోడ్డు మీదికి వస్తే రేపు దవాఖాన బండి ఎట్ల తిరుగుతది బాపూ? దర్వాజ తీసేసి, గదిని ఎనుకకు జరిపి ప్లాను మళ్ల పెట్టుకోన్రి. నేనే దగ్గరుండి చూస్త. ఇది ఇక్కడ ఉన్నంతదాంక మాత్రం నేను రాయలేను."

"ఎత్తిన దర్వాజ దించను సారూ."

"గట్లయితే పర్మిషన్ కాదు బాపూ."

ఇద్దరూ గొంతు పెంచలేదు. శ్యామలమ్మ ఇచ్చిన చాయ్ కూడా తాగారు. ఆఫీసు మనిషి కథలోకి వచ్చాడంటే చెయ్యి చాపుతాడనో, కాళ్లరిగేలా తిప్పుతాడనో అనుకోవడం మనకు అలవాటు. ప్రవీణ్ అలాంటివాడు కాదు. చెప్పాల్సింది చెప్పి, గ్లాసు కడిగి బోర్లించి మరీ పోయాడు. తప్పంతా వీరేశానిదే, ఆ సంగతి వీరేశానికీ తెలుసు. తెలిసినా దించడు. దించితే అరిష్టం ఎవరికి? ఆ గదిలో పడుకోబోయే మనిషికి. ఆమె కోసమే దర్వాజ ఎత్తాడు, ఆమె కోసమే దించనంటాడు. ఈ చిక్కు ముడిలోంచి బయటపడే దారి ఆయనకు తట్టలేదు. ఎవరినైనా అడిగే అలవాటు ముందే లేదు.

వాన కాలం అంతా దర్వాజ అలాగే నిలబడింది. ఊతకర్రలకు బీరతీగ పాకింది. బడిపిల్లలు దాంట్లోంచి లోపలికి పోయి, వెనక నుంచి బయటికి వచ్చి ఆడుకునేవాళ్లు. జాఫర్ రోజూ పొద్దున్నే దాని మీద వేళ్లతో టకటక కొట్టి, "ఇంట్ల ఉన్నరా?" అని కేకేసేవాడు. ఎవరేమనుకున్నా శ్యామలమ్మ మాత్రం దాన్ని చుట్టి పోలేదు. నీళ్ల బిందెతో వచ్చినా, చాటతో వచ్చినా, కడప దాటి దర్వాజ నడుమ నుంచే వచ్చేది. శుక్రవారం కడపకు పసుపు రాసేది. రాత్రికి మాత్రం ఆ పొట్టు అర్రలోనే పడక.

కార్తీకంలో చలి మొదలైంది. ఒకనాడు పొద్దున శ్యామలమ్మ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయింది. చీపురు జారిపోయింది. గాలి లోపలికి పోవడం లేదు. దర్వాజకు రెండు పక్కలా నిలిచిన బాజుల్నీ రెండు చేతులా పట్టుకుని వేలాడినట్టు నిలబడింది. పిలుద్దామంటే గొంతు లేదు. వీరేశం పది గజాల దూరంలోనే ఉన్నాడు, వీపు ఇటు పెట్టి మిషన్ మీద చెక్క కోస్తున్నాడు. ఆ రొదలో ఆయనకేమీ వినపడలేదు. దుకాణం తెరుస్తున్న జాఫర్ చూశాడు. చూసి గోడ దూకాడు, ముందు పోయి మిషన్ వైరు పీకాడు. చప్పుడు ఆగాక గానీ వీరేశం తల తిప్పలేదు.

జాఫర్ ట్రాలీ ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయారు. ముక్కుకు గొట్టం పెట్టి మందు పొగ ఎక్కిస్తుంటే, వీరేశం మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు భయం వేసింది. అంత భయం ఎప్పుడూ ఎరగడు. వెనకాలే ఆ మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, తాను వీపు తిప్పుకుని చెక్క కోశాడు. ఆ మాటే పదే పదే తిరిగి వచ్చింది ఆయన మనసులోకి.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి తెచ్చారు. మిషన్ ఆగిపోయి ఉంది, అయినా అర్రలోకి పోవద్దని కరుణ తల్లికి వాకిట్లోనే మంచం వేసింది. కబురు తెలిసి మొదటి బస్సుకే వచ్చిన కరుణ తండ్రితో మాట కూడా కలపలేదు. వీరేశం పంచలోకి పోయి గడ్డపార తెచ్చాడు. తిన్నగా దర్వాజ దగ్గరికి పోయి, ఊతకర్ర కింద గడ్డపార మొన దూర్చాడు.

"ఏం చేస్తున్నవ్?" అంది శ్యామలమ్మ మంచం మీద నుంచి.

"దించుతున్న."

"దించొద్దంటివి."

"అన్న. ఇప్పుడు దించుతున్న. ఆ అరిష్టమేదో నా మీదికే రానీ." ఆయన గడ్డపార మీద బరువు వేశాడు. 

శ్యామలమ్మ ఊపిరి కూడదీసుకుంది. "దించొద్దంటివి గానీ, జరుపొద్దన్నవా?"

వీరేశం అలాగే వంగి ఉండిపోయాడు.

"పండబెట్టకు. నిలబెట్టినకాడికే పట్టుకొని, నాలుగడుగులు ఎనుకకు నడిపియ్యి. దించినట్టెట్లయితది?"

 మూఢానికి ముందు నుంచీ ఇప్పటిదాకా, ఇంజినీరుకూ ఆఫీసుకూ అయ్యగారికీ తట్టనిది అంత సులువైన మాట. వీరేశం గడ్డపార కింద పెట్టాడు.

"గీ మాట అప్పుడే చెప్పకపోయినవా?"

"నువ్వు అడిగినవా?" అంది శ్యామలమ్మ.

కోపంతో అనలేదు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది. కరుణ మొహం అటు తిప్పుకుంది. వీరేశం గడ్డపార పక్కనే కూలబడ్డాడు. కొంగుకు అంటిన పొట్టు దులుపుకుంటూ ఆమె గడిపిన ఏళ్లలో తాను అడిగిన మాట ఏదైనా ఉందా అని వెతుక్కున్నాడు. అన్నం అయ్యిందా అన్నది తప్ప ఇంకొకటి దొరకలేదు.

జాఫర్‌కు ఈ ఉపాయం తెగ నచ్చింది. "సహీ బాత్ అక్కా! మొహర్రంల మా పీర్లను లేపినంక నడిమిట్ల పండబెడ్తమా? ఎత్తుకొని నడుసుడే." దుకాణంలో పనిచేసేవాళ్లనూ, వాడలో కనిపించిన మగవాళ్లనూ కేకేసి పిలిచాడు. తలా ఒక చోట పట్టారు. పీర్లు ఎత్తినట్టే ఎత్తారు. వీరేశం ముందుండి, కడప పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. మంచం మీద కూర్చున్న శ్యామలమ్మ, ఇటు ఒరుగుతాంది, అటు పట్టున్రి, జర మెల్లగ అని చెబుతుంటే, ఎవరి మాటా వినని వీరేశం చెప్పినట్టల్లా చేశాడు. ఇనుప దర్వాజయితే ఈ బరువుండేది కాదని జాఫర్ రొప్పుతూ కూడా అనకుండా ఉండలేదు. పైకమ్మికి కట్టిన నవధాన్యాల మూట ఊగింది గానీ ఊడలేదు. నాలుగడుగులు వెనక్కి పోయి దర్వాజ మళ్లీ నిలబడింది. బీరతీగ ఒక్కటే తెగింది.

ప్రవీణ్ మర్నాడు వచ్చి చూసి, ఇక అడ్డం లేదు, కొత్త ప్లాను పెట్టుకోమన్నాడు. దర్వాజ ఎలా కదిలిందో జాఫర్ నోట విని, ఆఫీసుకు పోయి అందరికీ చెప్పుకున్నాడట.

ఆ గది ఇప్పుడు ఉంది. పర్మిషన్ వచ్చింది, సంక్రాంతి ముందరే స్లాబు పడింది. శ్యామలమ్మ ఇప్పుడు పడుకునే నిద్రపోతోంది. గాలికి వదిలిన ఆ నాలుగడుగుల జాగాలోనే పగలంతా ఆమె మంచం. గరుకు కాగితం రుద్దే పని వీరేశమే చేసుకుంటున్నాడు, పంచకు అడ్డంగా పరదా కట్టుకుని. అయితే ఈ ఇంట్లో అసలు పర్మిషన్ సంగతి ఇంకొకటుంది. అది కొత్త ప్లాను గీయడానికి ముందు రోజు సాయంత్రం జరిగింది.

కరుణ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "నాయినా, దర్వాజ సరే. కిటికీ ఎనుక దిక్కే ఉంచాల్నా అని అడుగుతున్నడు ఇంజినీరు," అంది.

వీరేశం నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూశాడు. "జర ఆగమను," అని చెప్పి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, శ్యామలమ్మ మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక గొంతు సవరించుకున్నాడు. అలవాటు లేని పని మరి.

"శ్యామలా, కిటికీ ఎటు పెట్టమంటవు?"

శ్యామలమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటి వెనకే నవ్వు వచ్చింది. కొంగు సర్దుకుని, మంచం మీద కాస్త నిటారుగా కూర్చుంది, ఆఫీసులో కుర్చీ మీద కూర్చున్నట్టు.

"చూస్తం," అంది. "రేపు రా."

కరుణ పకపకా నవ్వి, ఇంజినీరుకు రేపు చెబుతామని ఫోన్ పెట్టేసింది. వీరేశం మెల్లగా పంచలోకి పోయాడు.

తెల్లారి శ్యామలమ్మ కళ్లు తెరిచేసరికి, ఆయన చాయ్ గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"వచ్చిన," అన్నాడు.